కొలత, కొసరు: విహారనౌకల సిబ్బందికిచ్చే అదనపు టిప్పు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విహారనౌకల్లో ప్రయాణించేవారి ఖాతాకు రోజువారీ 'గ్రాట్యుటీ' పేరిట కొంత సొమ్ము ముందుగానే జమకట్టడం నేడు సర్వసాధారణమైంది. దానికి మించి సిబ్బందికి స్వయంగా ఇచ్చే డబ్బును అదనపు టిప్పు అంటున్నారు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా ఏమిటి? మొదటిది వేతనమా, కానుకా? రెండవది ఎప్పుడు నిజమైన కానుక అవుతుంది? ప్రతిఫలానికీ కానుకకూ సంబంధించి తెలుగులో ఉన్న పదసంపద ఆధారంగా, నౌకాయాన చరిత్రను, కార్మిక నిబంధనలను జోడించి, ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ముఖ్యపదాలు: విహారనౌక, టిప్పు, గ్రాట్యుటీ, మామూలు, ఈనాము, కొసరు, వేతనం, నౌకాశ్రామికులు.

1. ప్రవేశిక:

వారం రోజుల సముద్రయాత్ర ముగిసే రాత్రి విహారనౌకలోని ప్రతి గదిలోనూ దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. పెట్టెలు సర్ది తలుపు బయట పెడతారు. అంతవరకు అయిన ఖర్చుల లెక్క చూసుకుంటారు. అప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. రోజుకు రెండు పూటలా గది శుభ్రం చేసిన మనిషికి, తమ పిల్లవాడు కారం తినడని రెండో రోజుకే గుర్తుపెట్టుకున్న వడ్డనకారుడికి ఏమైనా ఇవ్వాలా? లెక్కలో 'గ్రాట్యుటీ' అని ఇప్పటికే పెద్ద మొత్తం కనిపిస్తున్నది కదా? ఆ సొమ్ము వారికి చేరినట్టేనా? చేరితే మళ్లీ ఇవ్వడం దేనికి?

పైకి ఇది జేబుకు సంబంధించిన చిన్న సందేహం. లోతుగా చూస్తే శ్రమకు విలువ కట్టే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. యజమాని ఇవ్వవలసినదాన్ని అతిథి ఇస్తున్నాడా, లేక అతిథి తన ఇష్టంతో ఇచ్చినదాన్ని యజమాని తన లెక్కలో కలుపుకుంటున్నాడా? ఈ విషయం తేలితే తప్ప 'అదనం' అన్న మాటకు అర్థం తేలదు. దేనికి అదనం అన్నది ముందుగా తెలియాలి.

2. ఇచ్చే సొమ్ముకు తెలుగులో ఉన్న పేర్లు:

పనికి ప్రతిగా ఇచ్చేదానికీ, పనితో నిమిత్తం లేకుండా ఇచ్చేదానికీ, ఈ రెంటి నడుమ ఊగిసలాడేదానికీ తెలుగులో వేరువేరు మాటలున్నాయి. కూలి, జీతం, బత్తెం అన్నవి పనికి ప్రతిఫలాలు. వాటిని అడిగే హక్కు పనివాడికి ఉంటుంది. కానుక, బహుమానం, సంభావన అన్నవి ఇచ్చేవాడి మనసును బట్టి ఉంటాయి. వాటిని అడగడం మర్యాద కాదు. ఈ రెండు వర్గాల మధ్య తిరిగే మాటలే ఈ చర్చకు కీలకం.

'మామూలు' అన్నది అరబీ మూలం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. వాడుకలో ఉన్నది, ఎప్పటిలాంటిది అని దాని అర్థం. దసరాకు తపాలా మనిషికో, కరెంటు పనివాడికో సంతోషంగా ఇచ్చిన నాలుగు రూపాయలు ఏటేటా ఇవ్వగా ఇవ్వగా 'దసరా మామూలు' అయింది. ఇవ్వకపోతే ముఖం చిన్నబోయే స్థితి వచ్చింది. అదే మాట మరికొంత దూరం నడిచి, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ వ్యాపార స్థలాల్లోనూ బలవంతంగా వసూలు చేసే లంచానికి పేరైంది. ఇష్టపూర్వకమైనది ఆచారమై, ఆచారం వసూలుగా మారిన క్రమమంతా ఈ ఒక్క మాటలో నిక్షిప్తమై ఉంది.

'ఈనాము' ప్రయాణం మరోలా సాగింది. ఇదీ అరబీ నుంచి వచ్చినదే. పాలకుడు మెచ్చి ఇచ్చిన బహుమతి అన్న అర్థం నుంచి, పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో అనుభవించే భూమి అన్న అర్థానికి మారింది. తరతరాల అనుభవం వల్ల అది హక్కుగా పాతుకుపోయింది. దానిని తేల్చడానికి తెలంగాణ ప్రాంతంలో 1955లోనూ, ఆంధ్ర ప్రాంతంలో 1956లోనూ ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది. మెప్పుతో ఇచ్చినది కాలక్రమంలో హక్కు కాగలదనడానికి ఇది నిదర్శనం.

గ్రామవృత్తుల వ్యవస్థలో 'మేర' ఉండేది. పంట కళ్లానికి వచ్చినప్పుడు చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి తదితరులకు ధాన్యరూపంలో ముట్టే వాటా అది. దాని పరిమాణం ఆచారం నిర్ణయించినది. రైతు దయ మీద ఆధారపడినది కాదు. పండుగనాడు ఇచ్చే పిండివంటలు, పెళ్లిలో పెట్టే కొత్తబట్టలు మేరలోకి రావు. అవి వేరే లెక్క. మేర కొలవకుండా పండుగనాడు రెండు బూరెలు పెట్టి సరిపెట్టే రైతును ఊరు ఉదారుడు అనదు.

చివరగా 'కొసరు'. కూరగాయలు తూచిన తరువాత అమ్మే మనిషి చేతితో తీసి సంచిలో వేసే గుప్పెడు అదనమే కొసరు. కొలత పూర్తయిన తరువాతనే కొసరుకు స్థానం ఉంది. తూకంలో తగ్గించి, ఆ తగ్గించినదాన్నే కొసరుగా వేస్తే దాన్ని మోసం అంటారు. విహారనౌకల్లో అదనపు టిప్పును అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క మాట చాలావరకు దారి చూపుతుంది.

3. 'గ్రాట్యుటీ' అన్న మాట చేసే తికమక:

నౌకాసంస్థ ఇచ్చే లెక్కలో కనిపించే 'గ్రాట్యుటీ' భారతీయ పాఠకుడిని కొంత తికమక పెడుతుంది. ఆంగ్లంలో ఈ మాటకు మూలార్థం కృతజ్ఞతతో ఇచ్చే కానుక. భారతదేశంలో మాత్రం గ్రాట్యుటీ అనగానే పదవీ విరమణ సమయంలో చేతికందే సొమ్ము స్ఫురిస్తుంది. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం దానిని ఉద్యోగి హక్కుగా స్థిరపరచింది. ఐదేళ్ల నిరంతర సేవ ఉన్నవారికి, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున లెక్కగట్టే పద్ధతిని ఆ చట్టం ఏర్పరచింది. యజమాని మంచితనంగా మొదలైనది చట్టబద్ధమైన హక్కుగా పరిణమించింది. పేరు మాత్రం కానుకగానే మిగిలిపోయింది.

నౌక మీది గ్రాట్యుటీ ఈ రెండు అర్థాల మధ్య ఆగిపోయింది. అది పేరుకు కానుక. కానీ ఇచ్చేవాడు నిర్ణయించకముందే అతని ఖాతాలో పడుతుంది. అది సిబ్బంది ఆదాయంలో ముఖ్యభాగం. కానీ చాలా సంస్థల్లో ప్రయాణికుడు కోరితే దాన్ని తగ్గించవచ్చు, తొలగించవచ్చు కూడా. అంటే పుచ్చుకునేవాడికి హక్కు లేదు, ఇచ్చేవాడికి పూర్తి స్వేచ్ఛ లేదు. ఈ మధ్యస్థితి ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి అమెరికా సేవారంగ చరిత్రను కొంత పరిశీలించాలి.

4. టిప్పు వేతనంగా మారిన క్రమం:

టిప్పు ఇచ్చే అలవాటు యూరప్ నుంచి అమెరికాకు పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో బలంగా వ్యాపించింది. అంతర్యుద్ధానంతరం పుల్మన్ సంస్థ తన రైలు శయనశకటాల్లో పరిచారకులుగా నల్లజాతీయులను పెద్దసంఖ్యలో నియమించుకుంది. వారిలో బానిసత్వం నుంచి విముక్తులైనవారు చాలామంది ఉన్నారు. వారికిచ్చే జీతం తక్కువ. మిగిలినది ప్రయాణికుల టిప్పుల మీద సంపాదించుకోవలసిందే. అంటే సంస్థ భరించవలసిన వేతనభారంలో కొంత ప్రయాణికుడి మీదికి మారింది. ఆ పరిచారకులు 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకొని, సుదీర్ఘ పోరాటం తరువాత 1937లో సంస్థతో ఒప్పందం సాధించారు. వారి కోరికల్లో టిప్పుల మీద ఆధారపడనక్కరలేని జీతం ముఖ్యమైనది.

అదే కాలంలో టిప్పు ప్రజాస్వామ్యానికి తగనిదన్న వ్యతిరేకత కూడా అమెరికాలో తలెత్తింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధిస్తూ చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. 1938లో కనీస వేతనాన్ని నిర్దేశించే సమాఖ్య చట్టం వచ్చింది. 1966లో దానికి చేసిన సవరణ, టిప్పులు పొందే ఉద్యోగులకు వచ్చే టిప్పును కనీస వేతనంలో భాగంగా లెక్కించుకునే వీలు యజమానికి కల్పించింది. అటువంటి ఉద్యోగులకు యజమాని నేరుగా చెల్లించవలసిన సమాఖ్య స్థాయి కనీస మొత్తం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లుగానే ఉండిపోయింది. దీనికంటే ఎక్కువ నిర్ణయించిన రాష్ట్రాలు లేకపోలేదు. అయినా టిప్పు అన్నది జీతానికి పైన వచ్చేది కాదు, జీతంలోనిదే అన్న భావన ఈ విధంగా చట్టంలోకి ప్రవేశించింది.

5. నౌక మీద ఏం జరిగింది?

అట్లాంటిక్ మహాసముద్రం దాటించే పాత ప్రయాణనౌకల్లో గది పరిచారకుడికి, బల్ల దగ్గర వడ్డించినవాడికి యాత్ర చివర నగదు ఇవ్వడం ఆనవాయితీ. 1958 తరువాత జెట్ విమానాలు ఆ మార్గాన్ని ఆక్రమించడంతో నౌకలు గమ్యం చేర్చే సాధనాలుగా కాక, తామే గమ్యాలుగా మారాయి. 1966లో నార్వీజియన్, 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ సంస్థలు ఏర్పడ్డాయి. అమెరికాలోని మయామి నగరం ఈ వ్యాపారానికి కేంద్రమైంది. ప్రయాణికులు ఎక్కువమంది అమెరికన్లు కావడంతో టిప్పు ఆచారమూ వారి వెంట నౌకలెక్కింది.

చట్టాలు మాత్రం నౌకలెక్కలేదు. ఈ నౌకల్లో అత్యధికభాగం బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా వంటి దేశాల్లో నమోదై, ఆ దేశాల పతాకాలతో తిరుగుతాయి. అమెరికా జెండా లేని నౌకలో పనిచేసే నావికులకు అమెరికా కనీస వేతన చట్టం వర్తించదు. సిబ్బంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశం తదితర దేశాలనుంచి వస్తారు. ఈ విధంగా అమెరికన్ ఆచారం, మరో దేశపు పతాకం, ఇంకో దేశపు శ్రామికుడు ఒకే నౌకలో కలిశాయి.

తొలిదశలో యాత్ర చివరి రాత్రి ప్రయాణికులకు కవర్లు పంచేవారు. ఎవరికెంత ఇవ్వాలో సూచించే కాగితం వాటితోపాటు ఉండేది. వారమంతా ఒకే బల్ల, ఒకే వడ్డనకారుడు ఉన్న రోజుల్లో ఈ పద్ధతి నడిచింది. 2000లో నార్వీజియన్ సంస్థ ప్రయాణికులు తమకిష్టమైన వేళలో, ఇష్టమైన భోజనశాలలో తినే ఏర్పాటును ప్రవేశపెట్టింది. తక్కిన సంస్థలూ క్రమంగా అటువంటి వెసులుబాట్లు కల్పించాయి. ఇవాళ వడ్డించినవాడు రేపు కనిపించడు. అప్పుడు కవరు ఎవరి చేతికివ్వాలి? దీనికి సమాధానంగా, ప్రతి ప్రయాణికుడి ఖాతాలో రోజుకింత అని చేర్చి సిబ్బందికి పంచే పద్ధతి స్థిరపడింది.

2020ల నడుమ నాటికి ప్రధాన అమెరికన్ విహారనౌకా సంస్థల్లో సాధారణ గదులకు ఈ మొత్తం మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల వరకు ఉంది. విశాలమైన ఖరీదు గదులకు ఇంకా ఎక్కువ. పసివాళ్లను మినహాయిస్తే పిల్లలకూ ఇదే లెక్క. రోజుకు 18 డాలర్లనుకుంటే, ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఏడు రాత్రుల యాత్రకు 504 డాలర్లవుతుంది. పానీయాల మీద 18 నుంచి 20 శాతం వరకు సేవారుసుము విడిగా పడుతుంది. ఇంత చెల్లించిన కుటుంబానికి 'ఇంకా ఇవ్వాలా?' అన్న సందేహం కలగడం సహజం.

6. ఆ సొమ్ము ఎవరికి చేరుతుంది?

రోజువారీ గ్రాట్యుటీ ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా పడదు. గది పరిచారకులు, భోజనశాల సిబ్బంది మొదలుకొని ప్రయాణికుడికి ముఖపరిచయం లేని సహాయకుల వరకు సంస్థ నిర్ణయించిన నిష్పత్తిలో అది పంపకమవుతుంది. ఏ విభాగానికి ఎంత అన్నది సంస్థను బట్టి మారుతుంది. కొన్ని ఒప్పందాల్లో నెలకు ఇంత అని కనీస ఆదాయానికి హామీ ఉంటుంది. ఆ హామీ మొత్తంలో టిప్పుల నుంచి వచ్చేది కూడా కలిసే ఉంటుంది.

ఇక్కడ ప్రయాణికులు తరచు పొరపాటు పడే అంశం ఒకటుంది. 'సంస్థ తీసుకునే గ్రాట్యుటీని నమ్మలేం, దాన్ని తీసివేయించి నేరుగా పనివారి చేతికే ఇద్దాం' అని కొందరు భావిస్తారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం వేరు. ఈ పద్ధతిలో గదిని ఊడ్చినవాడికి డబ్బు ముడుతుంది. దుప్పట్లు ఉతికినవాడికి, గిన్నెలు కడిగినవాడికి ముట్టదు. పైగా కొన్ని సంస్థల్లో, గ్రాట్యుటీ తీసివేయించుకున్న ప్రయాణికుడు నగదు ఇస్తే ఆ నగదును సిబ్బంది ఉమ్మడి నిధికి జమచేయాలన్న నియమం ఉంది. అప్పుడు చేతిలో పెట్టిన నోటు కూడా ఆ మనిషిది కాదు. తూకంలో తగ్గించి కొసరుగా వేసినట్టే ఇదీ.

కనుక అదనపు టిప్పుకు తొలి షరతు స్పష్టం. నిర్ణీత గ్రాట్యుటీని ఉన్నదున్నట్టు ఉంచిన తరువాత ఇచ్చినదే అదనం. అటువంటి అదనాన్ని సాధారణంగా పుచ్చుకున్న మనిషి తనదిగా ఉంచుకోగలుగుతాడు.

7. అదనపు టిప్పు - ఎవరికి, ఎంత, ఎప్పుడు:

7.1. ఎవరికి: గదిని చూసుకునే స్టీవార్డు, నిత్యం వడ్డించే వెయిటరు, అతని సహాయకుడు ఎక్కువగా అందరికీ గుర్తుకు వస్తారు. పిల్లల ఆటగదిలోని సిబ్బంది, ఉదయం ఐదింటికే కాఫీ అందించేవారు, భోజనశాల గుమ్మంలో చేతులు కడుక్కోమని నవ్వుతూ గుర్తుచేసేవారు గుర్తుకు రారు. శాకాహారి కోసమో, జైన భోజనం కోసమో విడిగా వండించి తెచ్చే ప్రధాన వడ్డనకారుడి శ్రమ భారతీయ ప్రయాణికులకు బాగా తెలిసినదే. నౌకాధిపతికి, ఇతర అధికారులకు టిప్పు ఇవ్వడం ఆచారం కాదు. ఓడరేవులో పెట్టెలు మోసేవారు నౌకా సిబ్బంది కారు. వారికి పెట్టెకు ఒకటి రెండు డాలర్ల చొప్పున అప్పటికప్పుడు ఇవ్వడం అమెరికా రేవుల్లో పరిపాటి.

7.2. ఎంత: దీనికి నియమం లేదు, ఉండకూడదు కూడా. నియమం ఏర్పడిన మరుక్షణం అది మరో మామూలు అవుతుంది. గదికి భోజనం తెచ్చినవారికి రెండు మూడు డాలర్లు, వారం రోజులు గదిని కనిపెట్టుకున్నవారికి 20 డాలర్లో, శక్తి ఉంటే ఇంకొంతో ఇవ్వడం తరచు కనిపించే పద్ధతి. గదిలో చిన్నపిల్లలున్నా, జబ్బుపడినవారున్నా, పని రెట్టింపైనా అది దృష్టిలో ఉంచుకోవడం న్యాయం. ఏమీ ఇవ్వలేనివారు నిర్ణీత గ్రాట్యుటీ చెల్లించి ఉంటే తలవంచుకోవలసిన పని లేదు.

7.3. ఎప్పుడు: యాత్ర మొదట్లోనే ఇచ్చే డబ్బు ఎక్కువ సేవను ఆశించి ఇచ్చేది. చివర ఇచ్చే డబ్బు అందిన సేవను తలచుకొని ఇచ్చేది. మొదటిది బేరానికి దగ్గర, రెండవది కృతజ్ఞతకు దగ్గర. అయితే చివరి రోజు ఉదయం నౌకలో హడావుడి అంతా ఇంతా కాదు. ఇవాళ దిగే వేలమంది ఖాళీ చేసిన గదులను సాయంత్రానికి కొత్తవారి కోసం సిద్ధం చేయాలి. ఆ వేళ వెతికినా పరిచారకుడు దొరకకపోవచ్చు. అందువల్ల ముందురోజు సాయంత్రమే ఇవ్వడం మేలు.

7.4. ఎలా: నగదు, అందులోనూ డాలర్లు, మార్చుకోవడానికి ఇబ్బంది లేనివి. నాణేలు, వాడకం తక్కువైన కరెన్సీలు పుచ్చుకున్నవారికి భారమవుతాయి. కవరులో పెట్టి, పేరు పెట్టి పిలిచి, చేతికి అందించడం మర్యాద. దిండు మీద వదిలివెళ్లిన నోటు ఎవరిదో తెలియక పరిచారకుడు ఇరకాటంలో పడవచ్చు. చిన్న చీటీ ఉంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. యాత్రానంతరం సంస్థ పంపే అభిప్రాయపత్రంలో ఆ మనిషి పేరు రాయడం కూడా అదనపు టిప్పులో భాగమే అనాలి. పదోన్నతికీ, తదుపరి ఒప్పందానికీ అటువంటి ప్రశంసలు తోడ్పడతాయి. అయితే డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బుకు బదులు ప్రశంసతో సరిపెట్టడం వేరు, రెండూ ఇవ్వడం వేరు.

8. కవరు అందుకునే మనిషి:

2024 జనవరిలో తొలి యాత్ర చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' నౌకలో సిబ్బందే 2,350 మంది. ఒక పెద్ద గ్రామమంతటి జనం ప్రయాణికుల కంటికి కనిపించని అంతస్తుల్లో నివసిస్తూ పనిచేస్తారు. విహారనౌకల సేవా విభాగాల్లో ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆ కాలమంతటిలో వారాంతపు సెలవన్నది ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించి, 2013 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక పనిగంటలకు రెండు రకాల పరిమితులు సూచించింది. గరిష్ఠంగా రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటల పని అన్నది ఒకటి. కనీసం రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటల విశ్రాంతి అన్నది రెండవది. వీటిలో ఏదో ఒకటి పాటించాలి. విశ్రాంతి లెక్కను ఎంచుకున్నచోట వారానికి 91 గంటల వరకు పని చేయించే అవకాశం ఉందని చిన్న తీసివేతతో తేలిపోతుంది. వేతనం నెలకు మించకుండా చెల్లించాలని, దాని లెక్క రాతపూర్వకంగా ఇవ్వాలని, సంపాదన ఇంటికి పంపే సదుపాయం కల్పించాలని, ఉద్యోగం ఇప్పించినందుకు శ్రామికుడి నుంచి రుసుము వసూలు చేయరాదని కూడా ఆ ఒడంబడిక చెబుతుంది. భారతదేశం దీనిని 2015లో ఆమోదించింది.

భారతీయ సిబ్బందిలో గోవా, ముంబయి, కేరళ ప్రాంతాలవారి సంప్రదాయం పాతది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన తెలుగు యువకులకూ ఇది ఒక ఉపాధిమార్గం. మరోవైపు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో, ఫ్లోరిడా రేవుల నుంచో బయలుదేరే విహారయాత్ర సెలవుల్లో అందుబాటులో ఉన్న వినోదం. భారతదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారూ ఉన్నారు. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు యాత్రలు చేయడంతో ఈ అనుభవం తెలుగు తీరానికీ వచ్చింది. అంటే కవరు ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి రెండూ తెలుగువే కాగల కాలమిది. విదేశీ జలాల్లో 'మీరు తెలుగువారా అండీ?' అని పలకరించిన పిల్లవాడి చేతిలో నోటు పెట్టడానికి పెద్దలు మొహమాటపడటం కూడా ఇందువల్లనే. మనవాడికి టిప్పు ఇస్తే చిన్నబుచ్చినట్టవుతుందేమో అన్నది వారి సంకోచం. కానీ అతను వచ్చింది సంపాదన కోసం. 'ఉంచు నాయనా' అని పెద్దరికంతో ఇచ్చినది అతనికి అవమానం కాదు. పలకరింపు చాలునని, పక్క బల్ల దగ్గరివాడికి ఇచ్చినది ఇతనికి మానడమే అన్యాయం.

టిప్పు మీద ఆధారపడిన బతుకు ఎంత పెళుసైనదో 2020 మార్చిలో లోకానికి తెలిసింది. కోవిడ్ వ్యాప్తితో విహారయాత్రలు ఆగిపోయాయి. ప్రయాణికులు ఇళ్లకు చేరారు. దేశాల సరిహద్దులు మూతపడటంతో పదుల వేలమంది సిబ్బంది నెలల తరబడి నౌకల్లోనే ఉండిపోయారు. అతిథి లేని నౌకలో టిప్పు లేదు. శ్రామికుడి ఆదాయాన్ని అతిథి ఖాతాకు ముడివేసిన ఏర్పాటులోని లోపం అప్పుడు బట్టబయలైంది.

9. రెండు అభ్యంతరాలు:

అదనపు టిప్పు ఇవ్వడం వల్ల తక్కువ జీతాల పద్ధతి కొనసాగుతుందన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. అయితే ఒక ప్రయాణికుడు ఇవ్వకపోయినంత మాత్రాన సంస్థ జీతం పెంచదు. ఆ నష్టం ముందుగా తగిలేది పరిచారకుడికే. పద్ధతి మారాలంటే ధరలోనే సేవను కలపాలి. అది అసాధ్యం కాదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూజెస్ 2019లో విడి గ్రాట్యుటీని తొలగించింది. సీబోర్న్, సిల్వర్‌సీ వంటి ఖరీదైన సంస్థలు దానిని యాత్రాశుల్కంలోనే కలిపాయి. ప్రకటనల్లో ధర తక్కువగా కనిపించాలన్న వ్యాపార ఆలోచన తక్కినవారిని ఆపుతున్నది. అక్కడ అభ్యంతరం చెప్పవలసింది సంస్థకు, గది ఊడ్చినవాడికి కాదు.

ఇవ్వడంలో ఆధిక్యభావన ఉందన్నది రెండవ అభ్యంతరం. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో ప్రచురించిన కానుకల అధ్యయనంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అన్న మూడు బాధ్యతలను గుర్తించాడు. తిరిగి ఇవ్వలేని కానుక పుచ్చుకున్నవాడిని తక్కువ చేస్తుందన్నది ఆ ఆలోచనకు కొనసాగింపు. విహారనౌకలో మాత్రం వరుస తలకిందులుగా ఉంది. ముందు ఇచ్చినవాడు పరిచారకుడు. ఒప్పందంలో లేని శ్రద్ధను, ఓపికను, గుర్తుపెట్టుకునే గుణాన్ని అతను ముందుగానే ఇచ్చాడు. ప్రయాణికుడు ఇచ్చేది తిరుగు కానుక. ఈ వరుస గుర్తున్నవాడి చేతిలో కవరు దానంలా ఉండదు, బాకీ తీర్చినట్టుంటుంది.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు అవగతమవుతున్నాయి. విహారనౌకల్లో రోజువారీ గ్రాట్యుటీ పేరుకు కానుక అయినా ఆచరణలో వేతనభాగమే. దానిని తీసివేయించడం శ్రామికుడి కూలిలో కోత పెట్టడమే అవుతుంది. అది చెల్లించిన తరువాత స్వయంగా ఇచ్చేదే అదనపు టిప్పు. అది ఎవరినీ నిర్బంధించదు. ఎంత అన్నదానికంటే ఎవరికి, ఏ తలంపుతో అన్నది అక్కడ ముఖ్యం.

ఈనాము, భారతీయ చట్టంలోని గ్రాట్యుటీ కానుకగా మొదలై హక్కులయ్యాయి. మామూలు మొదట ఇష్టమై, తరువాత వసూలైంది. నౌక మీది టిప్పు ఈ రెండు దారుల కూడలిలో నిలిచి ఉంది. నిర్ణీత గ్రాట్యుటీ హక్కుగా, జీతంగా మారడం న్యాయం. అదనపు టిప్పు మాత్రం మామూలు కాకుండా కొసరుగానే ఉండిపోవడం ఇరుపక్షాలకూ గౌరవం. కొలత నిండుగా ఉన్న సంచిలోనే కొసరుకు అందం.